ఈతకొలను గట్టున మౌనవ్రతం

2వ తేదీ, సోమవారం. ఉదయం 5:50

ఈ రోజు నుంచి నేను అరవను.

ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు. ఎవరైనా లేచి నవ్వేలోపే రాసి పెట్టేస్తున్నా.

కారణం నిన్నటి పోటీ. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఊరికే మూతి ముడుస్తుందని వాళ్ళ నాన్న బుంగమూతి అని పేరు పెట్టారు. రాను రాను మూతి ఎగిరిపోయి బుంగ మిగిలింది. ఈత క్లబ్బులో చేరి ఏడాదైంది, నిన్న మొదటి అసలు పోటీ. నేను గట్టు పొడుగునా పరిగెత్తాను. "తన్ను! తన్ను! తల దించు! ఊపిరి! ఊపిరి!" అని గొంతు చించుకున్నాను. నాదేమన్నా మామూలు గొంతా? రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్‌ని. అన్ని ప్లాట్‌ఫామ్‌లకీ వినిపించే గొంతుకి ఒక ఈతకొలను ఏ మూలకి?

సరే, అరిచాను. అంతటితో ఆగితే ఈ డైరీ అవసరం లేకపోయేది. నేను పరిగెత్తింది మా పిల్ల పక్కన కాదు! అందరికీ ఒకే ఎర్ర టోపీ, ఒకే నల్ల కళ్ళద్దాలు. నీళ్ళలో ఉన్న పిల్లని గుర్తుపట్టడం కన్నతల్లి వల్ల కూడా కాదు. నేను ప్రాణం పెట్టి ఉత్సాహపరిచింది వేరే ఎవరి అమ్మాయినో. ఆ పిల్ల పైకొచ్చి "థాంక్స్ ఆంటీ" అంది కూడా. మా బుంగ అప్పటికే ఈత ముగించి, తువ్వాలు చుట్టుకుని, మెట్ల దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

రాత్రి భోజనాల దగ్గర తీర్పు వచ్చింది.

"అమ్మా, నెలాఖరు పోటీకి నీకు ఇంకొక్క ఛాన్స్. ఈసారి కూడా అరిస్తే ఇంక నాన్న ఒక్కరే వస్తారు. నువ్వు ఎప్పటికీ రావద్దు."

ఎప్పటికీ! నవ్వేద్దామనుకున్నా గానీ చేతిలో ముద్ద మళ్ళీ కంచంలోకే పోయింది. దాని మొదటి అడుగు చూసింది నేను. మొదటి పన్ను ఊడితే దాచింది నేను. రేపు అది పతకం మెళ్ళో వేసుకునే వేళకి నేను ఇంట్లో గిన్నెలు తోముకుంటూ కూర్చోవాలా? కుదరదు.

కాబట్టి నియమాలు:
అరవను.
సలహాలివ్వను. దానికి కోచ్ గారున్నారు.
ఎన్ని సెకన్లు పట్టిందని అడగను.

ఇవి కాక, అసలు ఈ పోటీలు ఎలా జరుగుతాయో నేర్చుకుంటాను. తెలియకే కదా అరిచింది! తెలిసినవాళ్ళు అరవరు.

చాలా తేలిగ్గా ఉంది మనసు.

4వ తేదీ, బుధవారం. రాత్రి

కోచ్ గారు తల్లిదండ్రులందర్నీ పిలిచి పాఠం చెప్పారు. కొలను పైన అద్దాల గది, ప్లాస్టిక్ కుర్చీలు, అద్దాల నిండా ఆవిరి. ఆవిడ మెడలో విజిల్ ఎప్పుడూ ఉంటుంది, నోట్లో మాటలు ఎప్పుడో గానీ ఉండవు. అయినా ఎంత బాగా చెప్పారో!

లేన్లు ఆరే. పిల్లలు ముప్పై మంది. అందుకని జట్లు జట్లుగా వదులుతారు. ఒక్కో జట్టూ ఒక హీట్. హీట్‌లో ముందొస్తే గెలిచినట్టు కాదు, అన్ని హీట్ల టైములూ కలిపి చూసి అప్పుడు చెబుతారు. (మొన్న ఎవరో నాన్నగారు ఒక హీట్ అవగానే అందరికీ చాక్లెట్లు పంచేశారు. వాళ్ళబ్బాయి చివరికి పదకొండో వాడు. నాకంటే ఘనులున్నారు!)

చివర్లో ఆవిడ ఒక మాటన్నారు. "మీ పిల్ల పక్క లేన్ పిల్లతో పోటీ పడట్లేదు. పోయినసారి ఈదిన తనతోనే పోటీ పడుతోంది. మీరు గట్టు మీద నుంచి మూడో మనిషిని తీసుకురాకండి."

ఆ మూడో మనిషి నేనే అన్నట్టు నా వంకే చూశారెందుకో.

ఇంటికొచ్చి అత్తగారికి టీ కప్పులు వరసగా పెట్టి లేన్లూ హీట్లూ వివరించాను. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పగలిగితే నాకు అర్థమైనట్టే.

"ఈ కప్ప ఈతలో రెండు చేతులూ ఒకేసారి గోడకి తగలాలా?"

"అవునత్తయ్యా. కప్ప ఈతలోనూ సీతాకోకచిలుక ఈతలోనూ అంతే."

"ఒక చెయ్యి ముందు తగిలితే?"

"కొట్టేస్తారు. ఎంత తొందరగా వచ్చినా లెక్కలోకి రాదు."

"అంత ఈదిందీ నీళ్ళపాలేనా!"

"నీళ్ళపాలే."

ఆవిడ కప్పులో టీ ముగించి నా మొహంలోకి చూశారు. "అదంతా నమ్ముతా గానీ అమ్మాయ్, నువ్వు నోరు మూసుకుని కూర్చుంటావన్నది మాత్రం నమ్మబుద్ధి కావట్లేదు."

చూపిస్తాను!

7వ తేదీ, శనివారం

ప్రాక్టీసుకి వెళ్ళాను. గట్టు మీద బెంచీలో కూర్చున్నాను. అరవలేదు. సలహా ఇవ్వలేదు.

ఒక్క ప్రశ్న అడిగాను, అంతే. "బుంగా, మోచెయ్యి అలా వంగాలా?" ప్రశ్న సలహా ఎలా అవుతుంది?

కోచ్ గారు వచ్చి "మీరు పైన అద్దాల గదిలో కూర్చుంటే ఇంకా బాగా కనిపిస్తుంది" అన్నారు. మర్యాదస్తురాలు. నిజంగానే బాగా కనిపించింది. వినిపించదు, అంతే. నా మాట వాళ్ళకి.

11వ తేదీ, బుధవారం

టైము అడగలేదు. రాసుకోండి, అడగలేదు.

గోడ మీద పెద్ద గడియారం ఉంటే చూడకుండా ఎలా? దాని ఎర్ర ముల్లు తిరుగుతూనే ఉంటుంది. మా స్టేషన్‌లో సెకను ముల్లు చూస్తూ పదిహేనేళ్ళుగా బతుకుతున్న మనిషిని. కళ్ళు వాటంతటవే లెక్కేశాయి. అడగను అన్నాను గానీ లెక్కపెట్టను అనలేదుగా.

రెండు సెకన్లు తగ్గింది!!

ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు కాబట్టి మా ఆయనకి మాత్రం చెప్పాను, అదీ చెవిలో. ఆయన కళ్ళజోళ్ళ షాపు మనిషి. ఎదుటివాళ్ళకి ఏం కనిపిస్తోందో, ఏం కనిపించట్లేదో రోజంతా ఓపిగ్గా అడగడమే ఆయన పని. ఇంట్లోనూ అంతే ఓపిక. "ఊఁ" అన్నారు.

12వ తేదీ, గురువారం. ఉదయం

ఆయన వాళ్ళమ్మకి చెప్పారట. వాళ్ళమ్మ పొద్దున్నే పాల గ్లాసు చేతికిస్తూ, "రెండు సెకన్లు తగ్గావటగా, మా తల్లే!" అన్నారు.

బుంగ మూతి. గ్లాసు కింద పెట్టి నా వంక చూసింది.

"నేనేం అడగలేదు" అన్నాను.

"నేనేం అనలేదుగా" అంది.

పిల్లలు ఇలా తయారవుతున్నారు.

15వ తేదీ, ఆదివారం

నడుము పట్టేసింది.

కప్ప ఈతలో కాళ్ళు ఎలా తన్నాలో నేను కొన్న ఈత పుస్తకంలో బొమ్మలున్నాయి. బొమ్మ చూస్తే ఏం అర్థమవుతుంది? చేసి చూడాలి. సోఫా మీద బోర్లా పడుకుని మడమలు దగ్గరికి లాక్కుని, పాదాలు బయటికి తిప్పి, గట్టిగా తన్నాను. ఎవరికీ నేర్పడానికి కాదు. బుంగ అదే గదిలో హోమ్‌వర్క్ చేసుకుంటోందంటే అది యాదృచ్ఛికం.

టక్ మని శబ్దం వచ్చింది. సోఫాది అనుకున్నా. నాది.

అత్తగారు తలుపు దగ్గర నిలబడి, "ఏమిటమ్మాయ్, గట్టు మీద పడ్డ చేపలా?" అన్నారు. మా ఆయన వేడినీళ్ళ సంచీ తెచ్చారు. బుంగ పెన్సిల్ నోట్లో పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. చాలా రోజులకి నన్ను చూసి నవ్వింది. నొప్పి కాస్త తగ్గింది.

16వ తేదీ, సోమవారం

డ్యూటీలో నడుము వెనక దిండు. "మరికొద్దిసేపట్లో రెండవ నంబరు ప్లాట్‌ఫామ్ మీదకు... అమ్మా!" అన్నాను మైకులో. ప్రయాణికులు పైకి చూశారట.

20వ తేదీ, శుక్రవారం

నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది!

పోటీ రోజున ఒక్కో లేన్‌కి ఇద్దరు చొప్పున స్టాప్‌వాచీ పట్టుకునేవాళ్ళు కావాలట. క్లబ్బులో అంతమంది మనుషుల్లేరు, అమ్మానాన్నల్నే పిలుస్తారు. నియమం ఏమిటంటే, వాచీ పట్టుకున్నవాళ్ళు నోరెత్తకూడదు. కేకల్లేవు, చప్పట్లు కూడా లేవు.

నాలాంటిదానికి ఇంతకంటే ఏం కావాలి? నా అంతట నేను ఆగలేకపోవచ్చు. కానీ డ్యూటీ అంటే డ్యూటీ. పదిహేనేళ్ళలో ఒక్క రైలు నంబరు తప్పు చెప్పలేదు నేను. పేరిచ్చేశాను.

మా ఆయన అంతా ఓపిగ్గా విన్నారు. తర్వాత, "వాచీ చేతికి పని చెబుతుంది. నోటికి కాదుగా" అన్నారు.

అసూయ.

27వ తేదీ, శుక్రవారం

ఎల్లుండే. వాచీ శిక్షణ అయింది. హారన్ మోగగానే నొక్కాలి, మన లేన్ పిల్ల గోడ ముట్టుకోగానే మళ్ళీ నొక్కాలి. ఇంతే. కళ్ళు మన లేన్ మీద తప్ప పక్కకి పోకూడదు. నాకు జోడీగా పడినాయనకి సెలూన్ ఉంది. రోజంతా మనుషుల మెడల దగ్గర కత్తి ఆడించే చెయ్యి, అసలు వణకదు. మన పిల్ల ఈదే లేన్ మనకివ్వరట. న్యాయమే.

బుంగకి చెప్పాను. "నిజంగా మాట్లాడకూడదా వాళ్ళు?" అని రెండుసార్లు అడిగింది. మూతి విప్పారింది. పడుకునేముందు వచ్చి నా చెయ్యి పట్టుకుని, "అయితే నువ్వు దగ్గరే ఉంటావ్, కానీ అరవవు" అంది.

ఇంకేం కావాలి నాకు.

29వ తేదీ, ఆదివారం

ఉదయం 7:30. వచ్చేశాం. నీళ్ళలో కలిపిన క్లోరిన్ వాసన, తడి నేల, పిల్లల గోల. బుంగ ముంజేతి మీద పెన్నుతో దాని పోటీ, హీట్, లేన్ నంబర్లు వాళ్ళ నాన్న రాశారు. పిల్లలు ఎప్పుడు ఎక్కడ దూకాలో మరిచిపోకుండా అలా రాస్తారు. నాకు తెల్ల టీషర్టు, మెళ్ళో వాచీ. మూడో లేన్.

9:15. మొదటి హీట్లు. అద్భుతం! సెలూన్ ఆయన వాచీకీ నా వాచీకీ వెంట్రుకవాసి తేడా. ఆయన తలూపి మెచ్చుకున్నారు.

10:05. తర్వాతది కప్ప ఈత. బుంగ నాలుగో లేన్‌లోకి వస్తోంది. నాలుగు! నా పక్కనే! మన పిల్ల లేన్ ఇవ్వరన్నారు గానీ పక్క లేన్ సంగతి ఎవరూ అనలేదే. పర్వాలేదు. డ్యూటీ.

ఇంతవరకూ గట్టు మీద రాసినవి. ఇక మీదట కారులో కూర్చుని రాస్తున్నా.

విజిల్. హారన్. వాచీ నొక్కాను. అటు చివరి దాకా వెళ్ళి మళ్ళీ మా వైపు తిరిగి రావాలి. వెళ్ళేటప్పుడు బుద్ధిగా మూడో లేన్‌నే చూశాను. దాన్లో ఒక చిన్నపిల్ల, అందరికంటే వెనక. తిరిగొచ్చేటప్పుడు పక్క లేన్‌లో నీళ్ళు చీల్చుకుంటూ ఒక ఎర్ర టోపీ ముందుకొచ్చేసింది. మా బుంగ! ముందెవరూ లేరు! నా వైపే వస్తోంది!

నోరు మూసుకునే ఉన్నాను. పళ్ళు బిగించాను. తర్వాత ఏమైందో నాకు నిజంగా తెలియదు. నా గొంతు నాకే వినిపించింది.

"దయచేసి గమనించండి! నాలుగో నంబరు లేన్‌లో వస్తున్న బుంగ మరికొద్ది క్షణాల్లో గోడకు చేరుకోనుంది! గోడకు! చేరుకోనుంది!"

 ఎవరో నిజంగానే పైన స్పీకర్ వైపు చూశారు.

బుంగ తలెత్తింది. నన్ను చూసింది. చూస్తూ చూస్తూ గోడ ముట్టుకుంది. ఒక్క చేత్తో.

మూల నిలబడ్డ అధికారి చెయ్యి పైకెత్తాడు. కొట్టేశారు.

నేనలా బొమ్మలా నిలబడి ఉండగానే నా లేన్ పిల్ల చివరాఖర్న వచ్చి గోడ పట్టుకుంది. రొప్పుతూ, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, "ఆంటీ, నా టైమెంత? మధ్యలో ఆగకుండా ఈదడం నాకిదే మొదటిసారి" అంది.

వాచీ చూశాను. ఇంకా నడుస్తోంది. నొక్కడం మరిచిపోయాను.

సెలూన్ ఆయన వంగి, తన వాచీ ఆ పిల్లకి చూపించారు. "ఇదిగో తల్లీ, ఇది నీదే." నా వంక చూడలేదు, పాపం మర్యాద కొద్దీ. కాసేపటికి పెద్దావిడొకరు వచ్చి, "మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి మేడమ్" అని నా మెళ్ళోంచి వాచీ తీసుకున్నారు.

బుంగ ఏడవలేదు. తువ్వాలు కప్పుకుని వాళ్ళ నాన్న దగ్గరికి నడిచింది. కోచ్ గారు వంగి దాంతో ఏదో చెప్పారు. తర్వాత నా పక్కనుంచి వెళ్తూ, "మంచి టైము వచ్చుండేది" అన్నారు. తిట్టినా బాగుండేది.

11:40. కారులో ఉన్నా. బుంగకి ఇంకో పోటీ, ఫ్రీస్టైల్, మధ్యాహ్నం ఉంది. వెళ్ళను. అది చెప్పినట్టే చేస్తాను, దానికి నేను లేకపోతేనే మంచిది. లోపల హారన్ మోగినప్పుడల్లా ఇక్కడికి సన్నగా వినిపిస్తోంది. ఏది ఎవరి హీటో తెలియదు. దాని కోసం తెచ్చిన అరటిపండు నేనే తినేశాను. ఏడుస్తూ తింటే ఏ పండైనా ఉప్పగానే ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

1:30. ఇంకో హారన్.

1:50. ఇంకోటి.

2:20. కారు తలుపు తెరుచుకుంది. బుంగ. ఒళ్ళంతా తడి, కాళ్ళకి చెప్పుల్లేవు.

"ఎక్కడికెళ్ళావ్?"

"ఇక్కడే ఉన్నా."

"నేను దూకేముందు చూశా. నాన్న పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. పైన అద్దాల గదిలో ఉన్నావేమోనని అటు చూశా. అంతలో హారన్ మోగింది. అందరూ దూకాక దూకా నేను."

"మళ్ళీ అరుస్తానేమోనని వచ్చేశాను బుంగా. నువ్వే కదా ఇంక రావద్దన్నావ్."

"అరవద్దన్నా గానీ చూడద్దన్నానా?"

పక్క సీటు మీద డైరీ తీసి చోటిచ్చాను.

అది కారెక్కి నా పక్కన కూర్చుంది. సీటంతా నీళ్ళు. 

"ఆలస్యంగా దూకినా పోయినసారి కంటే తగ్గింది" అంది.

"అవునా!"

"ఎంతో అడగవా?"

"అడగకూడదుగా."

"అడుగు."

"ఎంత?"

చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను, అది దానిది. ఇంకోసారి అడిగాను. ఇంకోసారి చెప్పింది. ఇంత బాగా ఈదితే నేను చూడలేదే అని అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. బావురుమన్నాను.

"ఏడుపు కూడా ఇంత గట్టిగానా అమ్మా" అని అది కిటికీ అద్దం పైకెత్తింది, ఎవరికీ వినపడకుండా.

1వ తేదీ, మంగళవారం. రాత్రి

కొత్త నెల. కొత్త నిర్ణయం. ఈసారి పక్కా.

నియమాలన్నీ కొట్టేశాను. బుంగ తనే చెప్పింది. "రా. కూర్చో. నేను దూకేముందు నీ వైపు చూస్తా, నువ్వు కనపడాలి. నేను గోడ ముట్టుకున్నాక నీ ఇష్టం, ఎంత అరుస్తావో అరుచుకో." ఎంత న్యాయం! గోడ దాకా ఆగాలి, అంతే కదా. అర నిమిషం, ముప్పావు నిమిషం. రైలు కోసం జనం గంటలు గంటలు ఆగట్లేదూ?

సాయంత్రం ప్రాక్టీసులో మొదలుపెట్టాను. కోచ్ గారిని బతిమాలి గట్టు మీద బెంచీలోనే కూర్చున్నా. అత్తగారు కూడా వచ్చారు. "మీ తల్లీకూతుళ్ళ గొడవేమిటో ఓసారి చూద్దామని" అన్నారు.

బుంగ దూకే దిమ్మ ఎక్కింది. కళ్ళద్దాలు పైకెత్తి బెంచీ వైపు చూసింది. చెయ్యెత్తాను. చూసింది. కళ్ళద్దాలు దించుకుని దూకింది.

ఆ క్షణంలో నాకు అరవాలనే అనిపించలేదు. ఒట్టు. అది నా కోసం చూసింది, నేను అక్కడున్నాను, చాలు. రుమాలు కూడా నోట్లో సగమే పెట్టుకున్నాను.

అది సగం దూరం వచ్చిందో లేదో, నా చెవి పక్కనే "తన్నవే తల్లీ! తన్ను! ఆ పక్కదాన్ని దాటెయ్!" అని కేక. అత్తగారు. బెంచీ ఎక్కి నిలబడ్డారు.

విజిల్ మోగింది. కోచ్ గారు గిర్రున తిరిగి సూటిగా నన్నే చూశారు.

"నేను కాదండీ!" అన్నాను.

అది ఎంత గట్టిగా వచ్చిందంటే, అటు చివర కాపలా ఉన్నాయన కుర్చీలోంచి లేచారు. బుంగ నీళ్ళ మధ్యలో ఆగిపోయి, లేన్ తాడు పట్టుకుని, ఊపిరాడకుండా నవ్వింది. నవ్వుతూనే వేలు చూపించి బెదిరించింది.

ఈ రోజు లెక్కలోకి రాదు. రేపటి నుంచి మొదలు.